గ్రానైట్ అంతా ఒకే వేడిలో ఉన్నా షియర్ జోన్ ఆ ఒక్కచోటే ఎందుకు పుడుతుంది?

మీరు చూసిన గ్రానైట్ షియర్ జోన్ గురించి, అంటే లోతులో రాయి విడిపోకుండా మెత్తగా జారి సాగిన పట్టీ గురించి, అడిగినదాంట్లో మూడు ప్రశ్నలున్నాయి. ఒకే గ్రానైట్ దిమ్మలో, దాదాపు 500 డిగ్రీల సెల్సియస్ వేడిలో, బెత్తెడు వెడల్పున షియర్ జోన్ సాగింది. అడుగు దూరంలో అదే గ్రానైట్ చెక్కుచెదరలేదు. ఆ వేడిలో క్వార్ట్జ్ ఎక్కడైనా పారాల్సిందే, అంటే కరగకుండానే మెల్లగా సాగాల్సిందే కదా, మరి అక్కడే ఎందుకు పారింది? రెండోది, జోన్ మందాన్ని చూసి శిల మెత్తబడిందో గట్టిపడిందో చెప్పొచ్చా? మూడోది, క్వార్ట్జ్ రేణువుల సైజు కొలిచి ప్రతిబలం (రాతి మీద చదరపు మీటరుకు పడే బలం), వికృతి రేటు (రాయి ఆకారం ఎంత వేగంగా మారుతుందన్నది) లెక్కకడితే ఆ అంకెలను ఎంతవరకు నమ్మాలి?

ముందు బల వక్రం (లోతును బట్టి రాయి ఎంత బలంగా ఉంటుందో చూపే గీత) సంగతి తేల్చుకోవాలి, తికమకంతా అక్కడే మొదలవుతుంది. పైన పగిలిన రాళ్ల మధ్య రాపిడిని చెప్పే బైయర్లీ ఘర్షణ సూత్రం, కింద క్వార్ట్జ్ ఎంత వేగంగా పారుతుందో చెప్పే ప్రవాహ సూత్రం పెట్టి గీసే ఆ క్రిస్మస్ చెట్టు బొమ్మ 1980 ప్రాంతం నుంచి ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంది. దాన్ని గీసేటప్పుడే రెండు మాటలు ముందుగా అనుకుంటారు: ఒక లోతులో శిలంతా ఒకే ఖనిజంలా ప్రవర్తిస్తుంది, వికృతి రేటు అంతటా ఒక్కటే, సెకనుకు 10⁻¹⁴ లేదా 10⁻¹⁵. అంటే వికృతి ఎక్కడ పోగుపడుతుందన్న ప్రశ్నను గీత మొదలుపెట్టకముందే పక్కన పెట్టేశారు. ఆ బొమ్మ ఏ లోతు బలహీనమో చెబుతుంది. ఆ లోతులో ఏ బెత్తెడు చోటు బలహీనమో చెప్పడం దాని పని కాదు.

ఇక ప్రవాహ సూత్రం. వికృతి రేటు ప్రతిబలపు ఘాతంతో పెరుగుతుంది, వేడితో ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరుగుతుంది, నీటి ఫ్యుగాసిటీతో (నీటి ప్రభావ పీడనంతో) పెరుగుతుంది. డిఫ్యూజన్ క్రీప్ (పరమాణువులు ఒకచోటు నుంచి మరోచోటికి చేరి రాయి సాగడం) అయితే రేణువు సైజు పెరిగేకొద్దీ తగ్గుతుంది. క్వార్ట్జ్ డిస్‌లొకేషన్ క్రీప్‌కు (స్ఫటికంలోని లోపాలు కదలడం వల్ల సాగడానికి) ఎక్కువగా వాడేది 2001లో హర్త్, టెసియర్, డన్‌లాప్ ఇచ్చిన అంకెలు: ప్రతిబల ఘాతం 4, యాక్టివేషన్ ఎనర్జీ మోల్‌కు 135 కిలోజౌల్, ముందున్న స్థిరాంకం 10⁻¹¹·², ఫ్యుగాసిటీ ఘాతం 1. ఈ అంకెలతో ఒక్క లెక్క వేస్తే వేడి ప్రభావం తెలుస్తుంది. ప్రతిబలం, ఫ్యుగాసిటీ మారకుండా ఉంచి 400 నుంచి 500 డిగ్రీలకు వెళితే వికృతి రేటు సుమారు 23 రెట్లు అవుతుంది. అదే రేటు నిలబెట్టాలంటే కావాల్సిన ప్రతిబలం మాత్రం దాదాపు సగానికి దిగుతుంది, అంతే. 300 నుంచి 400కు వెళితే రేటు 67 రెట్లు, ప్రతిబలం మూడో వంతుకు కాస్త పైన. వేడి చాలా ముఖ్యం, కాదనలేం. కానీ బెత్తెడు జోన్‌కూ దాని పక్క గోడకూ వేడిలో తేడా ఉండదు. కాబట్టి ఆ చోటును ఎంచుకున్నది వేడి కాదు.

ప్రతిబల ఘాతం 4 ఉంటే వికృతి దానంతట అదే ఒకచోట పోగుపడుతుందని రాసేవాళ్లున్నారు. అది సరికాదు. జోన్‌కు సమాంతరంగా పనిచేసే కోత ప్రతిబలం (రాయిని పక్కకు జరిపే ప్రతిబలం) జోన్ నడుమా, అంచునా, బయటి గోడలోనూ ఒక్కటే. బలాలు తూగాలంటే అలాగే ఉండాలి. ప్రతిబలం ఒక్కటే అయినప్పుడు శిల అంతటా ఒకేలా ఉంటే, ఘాతం 1 అయినా 4 అయినా, శిలంతా ఒకేలా జారుతుంది. ఘాతం చేసేది ఉన్న తేడాను పెంచడం. నడుమ శిల బలం గోడ బలంలో సగం ఉందనుకోండి. ఘాతం 1 అయితే నడుమ 2 రెట్లు వేగంగా జారుతుంది. 4 అయితే 16 రెట్లు. దీన్నే తిప్పి చూడండి: గోడలో కోత వికృతి (పక్కకు జరిగిన దూరాన్ని మందంతో భాగిస్తే వచ్చేది) 0.1, నడుమ 10 కనబడితే రేట్ల తేడా వంద రెట్లు. ఘాతం 4 ఉన్న శిలకు దానికి బలంలో 3 రెట్ల తేడా చాలు. ఘాతం 1 అయితే 100 రెట్ల తేడా ఉండాలి. అందుకే ఏ క్రీప్ నడిచిందో తెలియకుండా ఎంత మెత్తబడిందో చెప్పలేం.

కాబట్టి అసలు ప్రశ్న ఇది: ఆ మొదటి 2, 3 రెట్ల తేడా ఎక్కడి నుంచి వచ్చింది? గ్రానైట్‌లో దీనికి జవాబు చాలాసార్లు పగులే.

కాలిఫోర్నియా సియెర్రా నెవాడాలో సెగల్, సింప్సన్ 1986లో చూపించింది ఇదే: గ్రానైట్‌కు దగ్గరి శిల గ్రానోడయొరైట్‌లో ముందు తెరుచుకున్న పగుళ్లు, ఆ తరువాత వాటి వెంట పారిన షియర్ జోన్లు. ఇంకా వివరంగా చూడాలంటే తూర్పు ఆల్ప్స్‌లో, ఇటలీ వైపు, టాయెర్న్ విండోలోని నేవెస్ ప్రాంతం ఉంది. హిమానీనదం వెనక్కి తగ్గిన చోట గ్రానిటాయిడ్ శిల అద్దంలా నునుపుగా బయటపడింది. పెన్నక్కియోని, మాంక్‌టెలో అక్కడి జోన్లను ఒక్కొక్కటిగా పటం వేశారు. యాంఫిబొలైట్ స్థాయి రూపాంతరం, అంటే మీరు చెప్పిన వేడికి దగ్గర. అక్కడ జోన్లు శిలలో ఇష్టం వచ్చిన చోట మొలకెత్తలేదు. పాత జాయింట్లు (పక్కకు జరగని పగుళ్లు), సిరలు (పగుళ్లలో నిండిన ఖనిజం), పగుళ్లలోకి చొచ్చిన శిలాద్రవం గట్టిపడ్డ డైక్‌ల అంచులు, గ్రానైట్‌లో చిక్కుకున్న పరాయి రాతి ముక్కలైన జెనోలిత్‌ల అంచులు, వీటి మీదే కూర్చున్నాయి. నిటారుగా, చక్కగా సాగే జాయింట్ ఉంటే జోన్ కూడా అంతే చక్కగా సాగుతుంది. జాయింట్ మెట్టులా పక్కకు జరిగితే జోన్ కూడా అక్కడే మెట్టు వేస్తుంది.

అక్కడి జంట జోన్లు మాత్రం నిలబడి చూడాల్సినవి. నడుమ సన్నటి ఎపిడోట్ (ఆకుపచ్చ ఖనిజం) సిర. దానికి అటూ ఇటూ ద్రవం ఇంకి, బయొటైట్ (నల్ల అభ్రకం) పోయి, శిల పాలిపోయిన పట్టీ. ఆ పట్టీకి రెండు వైపులా ఒక్కో షియర్ జోన్, రైలు పట్టాల్లా సమాంతరంగా. సిరలో, దాని చుట్టూ పాలిపోయిన పట్టీలో వికృతి అంతగా లేదు. ద్రవం వచ్చిన చోటల్లా శిల మెత్తబడుతుందని గుడ్డిగా అనుకునేవాళ్లకు ఇది మంచి పాఠం. ద్రవం అభ్రకాన్ని తీసేసి ఎపిడోట్, ఫెల్డ్‌స్పార్ మిగిల్చితే ఆ చోటు పక్క గ్రానైట్ కంటే గట్టిది అవుతుంది. అప్పుడు వికృతి గట్టి పలకకు ఆనుకుని, ధర్మాలు మారే అంచు దగ్గర పోగుపడుతుంది. అదే ద్రవం ఫెల్డ్‌స్పార్‌ను అభ్రకంగా మారిస్తే జోన్ నడుమనే, ఒంటరిగా పుడుతుంది. కాబట్టి మీ జోన్ ఒంటరిదా జంటదా అన్నది మొదట రాసుకోవాల్సిన విషయం.

పొడి శిల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నార్వే బెర్గెన్ దగ్గర హోల్స్‌నోయ్ దీవిలో గ్రాన్యులైట్ (లోతులో గట్టి వేడికి పుట్టిన పొడి శిల) 700 డిగ్రీల దాపుల్లో, మరింత సాంద్రమైన ఎక్లోజైట్‌గా మారాల్సిన పీడనంలో ఉండి కూడా మారకుండా, పారకుండా ఉండిపోయింది. పగుళ్ల వెంట ద్రవం చేరిన చోట్లే ఎక్లోజైట్ అయింది, అక్కడే షియర్ జోన్లు సాగాయి. 1987లో ఆస్ట్‌రైమ్ ఈ సంగతి రాశాక లోతు క్రస్ట్ అంటే మెత్తటి క్రస్ట్ అన్న మాట సడలింది. మన తూర్పు కనుమల చార్నొకైట్ కూడా ఇలాంటి పొడి గ్రాన్యులైటే. దానిలో జోన్ చూసేటప్పుడు తడి క్వార్ట్జ్ సూత్రం పెట్టేముందు ఈ విషయం గుర్తుండాలి. నీటి పాత్ర ప్రయోగశాలలో తెలిసి ఇప్పటికి చాలా కాలమైంది: గ్రిగ్స్, బ్లాసిక్ 1965లోనే, నీటి జాడ ఉన్న కృత్రిమ క్వార్ట్జ్ పొడి క్వార్ట్జ్ కంటే ఎంతో బలహీనమని చూపారు.

ఇప్పటిదాకా జోన్ పుట్టుక. పుట్టిన జోన్ బతకాలంటే మెత్తబడుతూ ఉండాలి. గ్రానైట్‌లో దీనికి మూడు దారులు ముఖ్యం, నాలుగోది పేరుకే.

మొదటిది, బలహీన ఖనిజం ఒకదానికొకటి అతుక్కుని పొరలు కట్టడం. వేరుశనగ చిక్కీని తలుచుకోండి. పాకం వేడిగా ఉన్నా పప్పులు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నంతసేపు చిక్కీ పప్పుల గట్టిదనంతోనే నిలుస్తుంది. పప్పుల మధ్య పాకం పొర ఒక్కసారి కలిసిందంటే పాకమే రాజు. గ్రానైట్‌లో ఫెల్డ్‌స్పార్ సగానికి పైగా ఉంటుంది, క్వార్ట్జ్ సుమారు మూడో వంతు. 450 డిగ్రీల కిందైతే ఫెల్డ్‌స్పార్ దాదాపు పారదు, పగులుతుంది. కాబట్టి చెక్కుచెదరని గ్రానైట్ అంటే ఫెల్డ్‌స్పార్ పంజరం. దానికి క్వార్ట్జ్ సూత్రం పెట్టడం అక్షరాలా తప్పు. వికృతి కొంత సాగాక క్వార్ట్జ్ రిబ్బన్లుగా, అభ్రకం పొరలుగా కలిశాకే క్వార్ట్జ్ సూత్రానికి అర్థం ఉంటుంది. మార్క్ హాండీ 1990లో ఈ రెండు స్థితులకు చక్కటి పేర్లు పెట్టాడు: బరువు మోసే పంజరం, కలిసిన బలహీన పొర. ఒకదాని నుంచి మరొకదానికి మారే ఆ క్షణంలోనే బలం ఒక్కసారిగా పడిపోతుంది. జోన్ అంచు ఇంత పదునుగా కనిపించడానికి చాలాసార్లు కారణం ఇదే. అభ్రకం పరిమాణం కంటే అమరిక ముఖ్యం. పదిహేను శాతం దగ్గర ఉన్నా ఆకులన్నీ వరుసలో కలిస్తే శిల దాని మాటే వింటుంది.

రెండోది, రసాయన చర్య. 3 వంతుల పొటాష్ ఫెల్డ్‌స్పార్ హైడ్రోజన్ అయాన్లతో కలిసి 1 వంతు మస్కొవైట్ (తెల్ల అభ్రకం), 6 వంతుల క్వార్ట్జ్ ఇస్తుంది, పొటాషియం ద్రవంలో పోతుంది. ఒక గట్టి ఖనిజం పోయి రెండు మెత్తటివి వచ్చాయి, అదీ సన్నటి రేణువులుగా. ఇది జరగాలంటే ద్రవం రావాలి, ద్రవం రావాలంటే దారి కావాలి. మళ్లీ పగులు దగ్గరికే వచ్చాం. అనంతపురం వైపు రామగిరి బంగారు క్షేత్రంలో లాగా బంగారం ఉన్న క్వార్ట్జ్ సిరలు షియర్ జోన్లలో దొరకడం వెనుక ఉన్నదీ ఈ సంబంధమే: జోన్ ద్రవానికి దారి, ద్రవం జోన్‌కు మెత్తదనం.

మూడోది రేణువులు చిన్నవి కావడం. దీని గురించి సగమే చెప్పే పుస్తకాలు ఎక్కువ. డిఫ్యూజన్ క్రీప్‌లో వికృతి రేటు రేణువు సైజుకు విలోమంగా, వర్గంతో లేదా ఘనంతో మారుతుంది. 1 మిల్లీమీటరు రేణువు 10 మైక్రాన్లు అయితే సైజు వంద రెట్లు తగ్గింది; రేటు పది వేల నుంచి పది లక్షల రెట్లు పెరగాలి. కాగితం మీద అద్భుతంగా ఉంది. కానీ స్వచ్ఛమైన క్వార్ట్జ్ పట్టీలో ఇది నిలబడదు. డిస్‌లొకేషన్ క్రీప్ రేణువులను చిన్నవి చేస్తుంది, అవి చిన్నవై డిఫ్యూజన్ క్రీప్ మొదలవగానే రేణువులు మళ్లీ పెరుగుతాయి. చివరకు రెండింటి సరిహద్దు దగ్గర సర్దుకుంటాయి. డి బ్రెసర్, ఆయన సహచరులు 2001లో చెప్పిన వాదన ఇదే. దాని ప్రకారం ఒకే ఖనిజం ఉన్న శిల రేణువులు చిన్నవి కావడం వల్ల మాత్రమే ఎక్కువ మెత్తబడదు. ఎక్కువ మెత్తబడేది మిశ్రమం. క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, అభ్రకం 5, 10 మైక్రాన్ల రేణువులుగా కలగలిసిపోతే ఒక ఖనిజం మరోదాన్ని పెరగనివ్వదు, సైజు అలాగే నిలిచిపోతుంది, డిఫ్యూజన్ క్రీప్ సాగుతూనే ఉంటుంది. అందుకని మీ జోన్ నడుమ అన్నిటికంటే బలహీనమైన భాగం మెరిసే క్వార్ట్జ్ రిబ్బన్ కాకపోవచ్చు. దాని పక్కన బూడిద రంగులో, లెన్స్‌కు కూడా రేణువులు అందని ఆ సన్నటి పిండి పొరే కావొచ్చు.

నాలుగోది ఘర్షణ వేడి. చిన్న జోన్‌లో దీన్ని మరిచిపోవచ్చు. 10 సెంటీమీటర్ల పట్టీ నుంచి వేడి బయటికి పోవడానికి పట్టే కాలం, మందపు వర్గాన్ని ఉష్ణ విసరణ గుణకంతో (సెకనుకు 10⁻⁶ చదరపు మీటర్లు) భాగిస్తే, మూడు గంటలకు లోపు. అంత నెమ్మదిగా పారే రాయిలో వేడి ఎక్కడ నిలుస్తుంది! కిలోమీటరు మందం ఉన్న జోన్‌కు ఇదే లెక్క 30 వేల ఏళ్లు దాటుతుంది. అక్కడ ఏడాదికి 1 సెంటీమీటరు జారుడు, 50 మెగాపాస్కల్ కోత ప్రతిబలం ఉంటే చదరపు మీటరుకు 16 మిల్లీవాట్ల వేడి పుడుతుంది. ఖండాల సగటు ఉష్ణ ప్రవాహం 65 దగ్గర ఉంటుంది కాబట్టి అది లెక్కలోకి తీసుకోవాల్సిందే.

రెండో ప్రశ్న, మందం. జోన్ కాలంతో వెడల్పైతే గట్టిపడిందనీ, సన్నబడితే మెత్తబడిందనీ అనడం సూత్రంగా సబబే. గట్టిపడిన నడిమి భాగాన్ని వదిలి వికృతి కొత్త గోడలోకి వెళుతుంది, అప్పుడు అంచులే అన్నిటికంటే కొత్తవి. మెత్తబడితే అంచులను వదిలి నడుమకు చేరుతుంది, అప్పుడు అంచులు పాతవి, ఆగిపోయినవి. చిక్కు ఏమిటంటే మన చేతిలో ఉన్నది చివరి మందం ఒక్కటే. ఒకే ప్రాంతంలో పది జోన్లు కొలిచి, ఎక్కువ జారినవి మందంగా ఉన్నాయి కాబట్టి జోన్లు పెరుగుతూ పోతాయి అని గ్రాఫ్ వేస్తారు. పది వేరు వేరు జోన్లు ఒకే జోన్ పది వయసుల్లో తీయించుకున్న ఫోటోలు కావు. పగుళ్ల మీద పుట్టినవైతే మరీ కష్టం: మందాన్ని ద్రవం ఇంకిన పట్టీ వెడల్పు, పొడవును పాత జాయింట్ పొడవు ముందే నిర్ణయించి ఉంటాయి. జారుడుకూ పొడవుకూ మధ్య నిష్పత్తి పెట్టి పెరుగుదల చెప్పడం అలాంటి చోట అర్థంలేని పని.

దీనికి బదులు ఒకే జోన్ అడ్డకోతలో చూడాలి. అంచులో క్వార్ట్జ్ పెద్ద, అల్లిబిల్లి సరిహద్దుల రేణువులుగా, నడుమ సన్నటి రేణువులుగా ఉంటే, వేడిగా ఉన్నప్పుడు వెడల్పుగా పారి, చల్లారుతూ నడుమకు సన్నబడిందని చదవొచ్చు. ఉత్తర ఇటలీ టోనాలె ఫాల్ట్ దగ్గర ష్టిప్, ఆయన బృందం 2002లో గీసిన హద్దులు దీనికి పనికొస్తాయి: సరిహద్దులు చిన్న బుడిపెలుగా ఉబ్బడం దాదాపు 280 నుంచి 400 డిగ్రీలు, ఉపరేణువులు (రేణువు లోపలి చిన్న భాగాలు) దిశ మార్చుకుని కొత్త రేణువులు కావడం 400 నుంచి 500, సరిహద్దులు పెద్ద ఎత్తున కదిలిపోవడం 500 పైన. ఇవి ఆ వికృతి రేటుకు, అక్కడి నీటికి సంబంధించిన హద్దులు, థర్మామీటర్‌లా వాడకండి. మస్కొవైట్ రసాయనం అంచుకూ నడుమకూ వేరుగా ఉంటే అది ఇంకా బలమైన ఆధారం.

వికృతి కొలిచే పద్ధతి ఇది. ఫోలియేషన్‌కు (ఖనిజాలు పరుచుకున్న పొరల తలానికి) లంబంగా, లినియేషన్‌కు (ఖనిజాలు సాగిన గీతల దిశకు) సమాంతరంగా ఉన్న ముఖాన్ని వెతకాలి లేదా కోయించాలి. వేరే ముఖం మీద కొలిచిన కోణాలు ఎంత శ్రద్ధగా కొలిచినా పనికిరావు. జోన్ అంచుకూ ఫోలియేషన్‌కూ మధ్య కోణాన్ని ప్రతి సెంటీమీటరుకూ చదవండి. రామ్సే, గ్రాహమ్ 1970లో ఇచ్చిన సంబంధం ప్రకారం కోత వికృతి = 2 ÷ (రెట్టింపు కోణపు టాంజెంట్). 45 డిగ్రీల దగ్గర సున్నా, 31.7 డిగ్రీలకు 1, 22.5కు 2, 11కు 5. ఉదాహరణకు అంచు నుంచి నడుమకు ఐదు చోట్ల 42, 35, 25, 12, 6 డిగ్రీలు వచ్చాయనుకోండి. వికృతులు 0.2, 0.7, 1.7, 4.5, 9.4. ఒక్కోటి 1 సెంటీమీటరుకు, కూడితే సగం జోన్‌కు 16.5 సెంటీమీటర్లు, రెండు సగాలకు 33. జోన్‌ను దాటే డైక్ ఏదైనా ఉంటే అది కూడా 33 సెంటీమీటర్ల దాపుల్లో జరిగి ఉండాలి. ఆ జారుడులో సగానికి పైగా నడిమి 2 సెంటీమీటర్లలోనే జరిగిందని గమనించండి. పది సెంటీమీటర్ల జోన్ అని రాసి సగటు వికృతి 3.3 అంటే అసలు సంగతి దాగిపోతుంది.

ఇక్కడ దెబ్బతినే చోట్లు. 6 డిగ్రీల దగ్గర ఒక్క డిగ్రీ తప్పితే వికృతి 8 నుంచి 11.3 దాకా ఊగుతుంది. 3 డిగ్రీల దగ్గర అదే తప్పుకు 14 నుంచి 29. కాబట్టి వికృతి 10 దాటాక కోణాన్ని వదిలేసి డైక్ జరిగిన దూరాన్నే నమ్మాలి. గ్రానైట్‌లో ముందే పాత ఫోలియేషన్ ఉంటే ఈ సూత్రం అసలు పనికిరాదు. ఫోలియేషన్‌ను నరికే వాలు పట్టీలు, అంచుకు 15 నుంచి 35 డిగ్రీల కోణంలో ఉండేవి, తరువాత పుట్టి ఫోలియేషన్‌ను వెనక్కి తిప్పి ఉంటాయి. వాటి మధ్య కొలిచిన కోణం వికృతిని తక్కువగా చూపుతుంది. డైక్ లెక్కకూ కోణాల లెక్కకూ పెద్ద తేడా వస్తే జోన్ అడ్డంగా నలిగిందో, ద్రవంతో పదార్థం పోయి ఘనపరిమాణం తగ్గిందో చూడాలి. ఆ తేడాను పొరపాటు కింద కొట్టేయకండి, అదీ ఒక సమాచారమే.

మూడో ప్రశ్న, పీజోమీటర్, అంటే రేణువు సైజు నుంచి ప్రతిబలం చెప్పే సూత్రం. 2003లో ష్టిప్, టలిస్ ఇచ్చిన సంబంధం: మైక్రాన్లలో రేణువు సైజు = 10³·⁵⁶ × ప్రతిబలం⁻¹·²⁶, ప్రతిబలం మెగాపాస్కల్‌లో. దీని ప్రకారం 100 మైక్రాన్ల రేణువుకు 17 మెగాపాస్కల్, 20 మైక్రాన్లకు 62, 10 మైక్రాన్లకు 108. 2010లో హోలియోక్, క్రోనెన్‌బర్గ్ ఆ ప్రయోగ పరికరపు ఘర్షణను సరిచేసి, ఈ ప్రతిబలాలను 0.73తో గుణించాలన్నారు. అప్పుడు 62 కాస్తా 45 అవుతుంది. ఏ సవరణ వాడారో రాయకుండా అంకె ఇవ్వడం చదివేవాళ్లకు అన్యాయం.

సైజు కొలిచేటప్పుడు అభ్రకం లేని క్వార్ట్జ్ పట్టీనే ఎంచుకోండి. అభ్రకం ఆకుల మధ్య ఇరుక్కున్న క్వార్ట్జ్ పెరగలేక చిన్నదిగా ఉండిపోతుంది. దానితో లెక్కిస్తే లేని ప్రతిబలం కనిపిస్తుంది. రేణువుల సరిహద్దులు సూటిగా ఉండి, మూడు కలిసే చోట 120 డిగ్రీల కోణాలు, లోపల నీడలు లేని శుభ్రమైన రేణువులు కనిపిస్తే వికృతి ఆగాక వేడిలో నానిన శిల అది. ఆ సైజు చివరి ప్రతిబలాన్ని చెప్పదు, అంతకంటే తక్కువ చూపిస్తుంది. కనీసం మూడు నాలుగు వందల రేణువులు లెక్కపెట్టాలి. ఈబీఎస్‌డీ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో స్ఫటికాల దిశ కొలిచే పద్ధతి) వాడితే స్కానింగ్ అడుగు (రెండు కొలత బిందువుల మధ్య దూరం) రేణువు సైజులో పదో వంతు దాటకూడదు, లేకపోతే చిన్నవన్నీ జారిపోతాయి. సగటు కట్టే పద్ధతి కూడా ఆ పీజోమీటర్ తయారుచేసినవాళ్లు వాడిందే అయి ఉండాలి.

ప్రతిబలం నుంచి రేటుకు: 400 డిగ్రీలు, 62 మెగాపాస్కల్, నీటి ఫ్యుగాసిటీ 100 మెగాపాస్కల్ అనుకుంటే పైన చెప్పిన సూత్రం సెకనుకు 3×10⁻¹³ ఇస్తుంది. 45 మెగాపాస్కల్ వేస్తే 9×10⁻¹⁴ అయింది, మూడున్నర రెట్లు తక్కువ. వేడిలో 50 డిగ్రీలు తక్కువ వేస్తే 7 రెట్లు తగ్గుతుంది, ఎక్కువ వేస్తే 5 రెట్లు పెరుగుతుంది. అంటే నిజాయతీగా రాస్తే జవాబు ఒక అంకె కాదు, పదుల రెట్ల వెడల్పున్న పరిధి. అయినా అది పనికిరాని పరిధి కాదు. సెకనుకు 3×10⁻¹³ అంటే కోత వికృతి 10 పోగవడానికి 10 లక్షల ఏళ్లు. కిలోమీటరు మందం ఉన్న జోన్‌లో ఏడాదికి 1 సెంటీమీటరు జారుడు. ప్రాంతీయ వయసు కొలతలు 10 లక్షల ఏళ్లంటుంటే మీ లెక్క 10⁻¹⁶ ఇస్తే ఎక్కడో క్రీప్ విధానమే తప్పుగా ఎంచుకున్నారని అర్థం. ప్రయోగపు అక్షీయ ప్రతిబలానికీ జోన్‌లోని కోత ప్రతిబలానికీ మధ్య వర్గమూలం 3 రెట్ల తేడా ఉంటుందన్నది కూడా మరవకండి.

సన్నటి మిశ్రమ పొరకు మాత్రం ఈ సూత్రమూ వద్దు, ఈ పీజోమీటరూ వద్దు. అందులో క్వార్ట్జ్ స్ఫటికాల అక్షాలు చెల్లాచెదురుగా, ఏ ఇష్ట దిశా లేకుండా ఉంటే రేణువులు ఒకదానిపై ఒకటి జారి డిఫ్యూజన్ క్రీప్ నడిచిందన్న అనుమానం బలపడుతుంది. అది రుజువు కాదు; పక్క పక్క రేణువులు వేరే వేరే ఖనిజాలు అయ్యాయా, ఖాళీల్లో కొత్త ఖనిజం మొలిచిందా అన్నవి కూడా తోడు కావాలి. పక్కనున్న క్వార్ట్జ్ పట్టీ ఇచ్చిన ప్రతిబలమే ఈ పొరలోనూ ఉందనుకోవచ్చు, ముందు చెప్పుకున్న బలాల తూకం వల్ల. రేటు మాత్రం పట్టీ రేటుకు ఎన్నో రెట్లు ఉండొచ్చు.

మీ గ్రానైట్ దగ్గరికి మళ్లీ వెళ్లేటప్పుడు జోన్ బాగా సాగిన నడిమి భాగంతో మొదలుపెట్టకండి. అక్కడ వికృతి ఎక్కువై పుట్టుక ఆనవాళ్లన్నీ చెరిగిపోయి ఉంటాయి. జోన్ పొడవునా నడిచి అది చనిపోయే చివరకు వెళ్లండి. ఆ చివర దాటిన తరువాత కూడా అదే గీతలో వెంట్రుక మందం పగులు, దానిలో ఆకుపచ్చ ఎపిడోట్ గానీ నల్లటి బయొటైట్ పొర గానీ సాగుతుందేమో లెన్స్‌తో చూడండి. దిశ గుర్తు పెట్టుకుని రెండు ముక్కలు తీయండి, ఒకటి చివర నుంచి, ఒకటి దాన్ని దాటిన పగులు నుంచి. పగులు ముక్కను కాంతి దూరేంత పల్చగా అరగదీసిన థిన్ సెక్షన్‌లో ఫెల్డ్‌స్పార్ రేణువు రెండుగా విరిగి, మధ్యలో సన్నటి బయొటైట్ నిండి, ఆ రేణువు రెండు ముక్కలూ అసలు జరగకుండా ఎదురెదురుగా ఉంటాయి. చివరి ముక్కలో అలాంటి విరిగిన ఫెల్డ్‌స్పార్ ముక్కలే పక్కకు జరిగి ఉంటాయి, వాటి మధ్య బయొటైట్ ఆకులు వంగి ఉంటాయి, చుట్టూ క్వార్ట్జ్ అప్పుడప్పుడే రిబ్బన్ కడుతూ ఉంటుంది. ఈ రెండూ కనబడితే మీ జోన్‌లో ముందు పగిలింది, తరువాత పారింది. పగులు జాడే లేకుండా ఫోలియేషన్ మెల్లగా పల్చబడి గ్రానైట్‌లో కలిసిపోతే, అప్పుడు జెనోలిత్ అంచో, అభ్రకం ఎక్కువున్న చారో, ఇంకేదైనా పాత తేడానో వెతకాలి.